సల్వా వాళ్ల గుట్ట

2002 ఏప్రిల్‌లో ఒక ఆదివారం, పుంగనూరులోని ఒక చిన్న చర్చిలో దేవసహాయం పాస్టరు ఇశ్రాయేలు సైన్యానికి జయం కలగాలని ప్రార్థన చేశాడు. సంఘమంతా తలలు వంచింది. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న కాంతమ్మ మాత్రం కళ్లు మూసుకోలేకపోయింది. ఆ వారమంతా పేపర్లో బేత్లెహేము వార్తలే. యేసు పుట్టిన చోట కట్టిన గుడిని ఆ సైన్యమే చుట్టుముట్టి ఉంది. లోపల తుపాకులు పట్టినవాళ్లూ, సన్యాసులూ, మామూలు జనమూ చిక్కుకుపోయి ఉన్నారు.

ఆ బేత్లెహేము పక్క ఊరి మనిషి ఒకామె కాంతమ్మకు తెలుసు. పేరు సల్వా.

భర్త పోయాక కాంతమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగిన రోజున యజమానులు కార్లెక్కి వెళ్లిపోతూ, ఆమెను లోపలే ఉంచి గేటుకు తాళం వేశారు. మూడో రోజు పక్క మేడలో ఉండే సల్వా ఆ తాళం పగలగొట్టించి ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. సల్వా బడిలో నర్సు, పాలస్తీనా క్రైస్తవురాలు. నలభై రోజులు ఉన్న రొట్టెనే పంచుకు తిన్నారు. ఇండియావాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ చేర్చే బస్సు దగ్గరికి కూడా ఆమే నడిపించుకుని వచ్చింది. మీరు మీ ఊరికి ఎప్పుడు పోతారని కాంతమ్మ తనకొచ్చిన అరబీ ముక్కల్లో అడిగింది. 1967 యుద్ధంలో తమ ఊరు ఇశ్రాయేలు చేతికి పోయేనాటికి తాను చదువుకోసం బయట ఉందనీ, వాళ్లు తీసిన జనాభా లెక్కలో పేరు లేనందువల్ల ఆనాటి నుంచీ తనను రానివ్వడం లేదనీ సల్వా చెప్పింది.

తర్వాత సల్వా కూడా అమ్మాన్ చేరింది. అక్కడి నుంచి ఏడాదికొక ఉత్తరం వచ్చేది. ఇంగ్లీషులో ఉండే ఆ ఉత్తరాలను ఊరి బడిలో పనిచేసే రాజగోపాల్ మాస్టరు చదివి చెప్పేవాడు. 1997లో వచ్చిన దాన్ని ఆయన మధ్యలో ఆపి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. సల్వా తమ్ముడు గొర్రెలు మేపే గుట్టకు బుల్డోజర్లు వచ్చాయి. చెట్లు పెకలించారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే తమవాళ్లకు ఇశ్రాయేలువాళ్లు అక్కడ ఇళ్లు కడుతున్నారు. తాతల నాటి నేలను తమ్ముడు వాకిట్లో నిలబడి చూడాల్సిందే, అడుగు పెట్టకూడదు.

ఆరాధన ముగిశాక కాంతమ్మ ఇదంతా పాస్టరుకు చెప్పింది. అది దేవుడు ఇశ్రాయేలుకు ఇచ్చిన దేశమని ఆయన ఓపిగ్గానే నచ్చజెప్పాడు. ఆ సల్వా సాయిబులామె అయివుంటుందని కూడా అన్నాడు.

“కాదయ్యా, మన మాదిరే. యేసు పుట్టిన రేత్రి దేవదూత గొర్రెలోళ్లకు కనపడిన పొలాలు వాళ్లూరివే,” అంది కాంతమ్మ. “సాయిబులయినా అంతే గదయ్యా. నేల పోతే వాళ్లకు మాత్రం నొప్పుండదా? బైబిల్లో పేదోని ద్రాక్షతోట రాజు పెరుక్కుంటే దేవుడు ఎవురి పక్కనుండాడో మీరే గదా సెప్పినారు.”

పాస్టరు ఆ 1997 నాటి ఉత్తరం ఒకసారి ఇమ్మన్నాడు. 

బజారులో టైలరు బాబ్జాన్, శుక్రవారం నమాజు తర్వాత కొందరితో కలిసి, బేత్లెహేము ముట్టడి ఆపించాలని మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వబోతున్నాడని కాంతమ్మకు తెలిసింది. తానూ వస్తానంటే అతను వెనకాడాడు. గుజరాత్ గొడవలతో ఊరు అప్పటికే బిగుసుకుని ఉంది, ఆమెను ఎవరైనా ఏమన్నా అంటారేమోనని అతని భయం. అననీలే అంది కాంతమ్మ.

శుక్రవారం బస్టాండులో వాళ్లకు రెడ్డెప్ప కలిశాడు. కాంతమ్మ ఇంటికి రోజూ పాలు పోసే రైతు, ఆమె నోట సంగతి విని తానూ బయల్దేరాడు. ఊరి పక్కన అతను ఆవుల్ని మేపుకునే గుట్టను సర్కారు గ్రానైటు క్వారీకి ఇచ్చేసి రెండేళ్లవుతోంది.

“నీకీ ఎండలో యాలప్పా?” అని అడిగాడు బాబ్జాన్.

“నా గుట్టకు కంచె ఏసిన దినం ఒక్కడన్నా వచ్చి పక్కన నిలబడింటే బాగుండునని అనుకొంటి,” అన్నాడు రెడ్డెప్ప. “ఎవురూ రాలా. అందుకే వస్తాండా.”

మదనపల్లెలో ముప్పైమంది దాకా పోగయ్యారు. నినాదాలు లేవు. ఆఫీసు ముందర గంటసేపు ఎండలో కూర్చున్నారు. దారిన పోయేవాళ్లు కొందరు ఆగి చూశారు. ఒకడు, ఇక్కడి కష్టాలు చాలలేదా అని వెళ్లిపోయాడు. చివరికి ఒక గుమాస్తా బయటికొచ్చి అర్జీ తీసుకుని, పైకి పంపుతామన్నాడు.  ఆ కాగితం బేత్లెహేముదాకా పోదని అందరికీ తెలుసు.

ఆ ఆదివారం దేవసహాయం ప్రసంగం చేయలేదు. సల్వా ఉత్తరాన్ని తానే తెలుగులో రాసుకొచ్చి చదివాడు. 

“పోయిన వారం నేను చేసిన ప్రార్థన తప్పు. గెలిచేవాళ్ల కోసం అడిగితిని. ఇల్లు పోగొట్టుకొనేవాళ్లు నాకు గుర్తు రాలేదు,” అన్నాడు.

రెండు కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి, మళ్లీ రాలేదు. సంఘం పై పెద్దల నుంచి ఆయనకు సంజాయిషీ అడుగుతూ కాగితం కూడా వచ్చింది. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ చర్చి ప్రార్థనలో సల్వా వాళ్ల ఊరి పేరు ప్రతి వారం వినబడేది.

2006లో అమ్మాన్ నుంచి సల్వా కూతురు ఫోన్ చేసింది. అమ్మ చనిపోయిందనీ, సొంత ఊళ్లో పూడ్చడానికి అనుమతి రాలేదనీ చెప్పింది. గుట్ట మీద ఇళ్లు నిండిపోయాయట. గొర్రెలు మేపే మేనమామ మాత్రం ఊరు విడవలేదట.

ఆ సాయంత్రం చర్చిలో సల్వా కోసం కూడుకున్నారు. రెడ్డెప్ప వచ్చాడు. బాబ్జాన్ భార్యతో వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. కాంతమ్మ ప్రార్థన చేయడానికి లేచి, సల్వా పేరు చెప్పగానే ఏడ్చేసింది. బాబ్జాన్ భార్య ముందుకొచ్చి ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది. మిగిలిన ప్రార్థన పాస్టరు పూర్తి చేశాడు. అంతసేపూ ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఒకే చాప మీద, చెయ్యి వదలకుండా కూర్చున్నారు.