అడ్డం నిలబడ్డ పెద్దాయన

నేను ఒక వెబ్ పేజీని. స్థిమితం అన్నది నా జాతకంలో లేదు. ఎవరి బల్ల మీదో లాప్‌టాప్‌లో కాళ్లు చాపుకుంటానా, మరుక్షణం ఇంకెవరి అరచేతిలోనో ముడుచుకోవాలి. ఏ తెరకు తగ్గట్టు ఆ తెరలో ఒదగడమే నా బతుకు.

ఆ విద్య నాకు పుట్టుకతో రాలేదు. రాజమండ్రిలో ఒక డయాలసిస్ కేంద్రం కోసం హైమ అనే అమ్మాయి నన్ను తయారుచేసింది. "కాలం చేసిన మా వ్యవస్థాపకుల ఫొటో పైన ఉండాలమ్మా. పేజీ జరిపినా ఆయన జరక్కూడదు" అన్నారు మేనేజరు సుబ్బారాయుడు గారు. నన్ను పెద్ద మానిటర్‌లో తెరిచి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అందరూ శభాష్ అన్నారు. చిన్న ఫోనులో ఎలా ఉంటానో చూడాలని ఒక్కరికీ తోచలేదు. పూజ జరిగింది మానిటర్‌కి కదా మరి.

మర్నాడు రావులపాలెంలో వరాలమ్మ తన చిన్న ఫోనులో నన్ను తెరిచింది. ఆమె భర్తకు ఆ రోజే డయాలసిస్ జరగాలి. అప్పటికే ఆయాసపడుతున్నాడు. నేనేమో ముడుచుకోవడం చేతకాక, ఫొటోలో దండం పెడుతున్న ఆ పెద్దాయన వెనక బుకింగ్ మీటను దాచేసుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కేంద్రానికి ఫోన్ చేస్తే మేనేజరు స్పీకరు పెట్టారు.

"మీట ఎక్కడుందండి? పెద్దాయన అడ్డంగా నిలబడిపోయారు."

"వేలితో పైకి తోయమ్మా."

"తోసినా కదలట్లేదండి. పోయినాయన మొహం మీద ఎన్నిసార్లని వేలు పెట్టమంటారు, తప్పు కాదాండి?"

ఈలోగా పెద్ద తెరల వాళ్లు ఆ రోజు ఖాళీలన్నీ పట్టుకుపోయారు. పక్కనే వింటున్న హైమ ముఖం పాలిపోయింది. "సార్, వాళ్లాయన్ని ముందు తీసుకొచ్చేయమనండి. అందరిదీ అయ్యాక ఇంకొక్కరికి చేయిద్దాం" అని పట్టుబట్టింది. సుబ్బారాయుడు గారు కాదనలేకపోయారు.

తర్వాత హైమ అక్కడి ఆయా ఫోను అడిగి తీసుకుని, ఆ ఇరుకు తెరకు సరిపోయేలా నన్ను మళ్లీ అల్లింది. మీట పైకొచ్చింది. పెద్దాయన నా చివరికి వెళ్లారు.

"కిందికి దించేశావా ఆయన్ని" అని మేనేజరు గొణిగారు.

"వచ్చినవాళ్లని సాగనంపడానికి ఒకరుండాలి కద సార్" అంది హైమ.

నాకు మాత్రం మనసు నిలవలేదు. తెర దాకా వెళ్లగలను కానీ మంచం దాకా వెళ్లలేను కదా. వరాలమ్మ భర్తకు డయాలసిస్ చేశారో లేదో నాకెవరు చెబుతారు? ఎన్ని చేతుల్లో తెరుచుకున్నా ఆ ఒక్క చేతి కోసమే చూశాను. ఆ వారం గడవకముందే, తర్వాతి డయాలసిస్ కోసం వరాలమ్మ వేలు నా మీట మీద పడింది.

అప్పటి నుంచీ ఇంతే. ఆ వేలు తగిలిందంటే ఆయన ఉన్నాడని. అది ఒక్కరోజు ఆలస్యమైతే నేను ఏ తెరలోనూ కుదురుగా నిలవలేను.