కూడితే తొమ్మిది

నేను ఒక టైరును. లారీ టైరునో ట్రాక్టరు టైరునో అనుకుని జాలిపడకండి. చిన్న కార్లకు వేసే టైరును, అందులోనూ స్పోర్టు జాతి. నిగనిగలాడే నలుపు, ఒంటి నిండా మెలికలు తిరిగిన గీతలు, చూసినవాడు ఒకసారి ఆగి వంగి తడిమి చూసేటంత వెడల్పు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా ఫరవాలేదు. నా గురించి నేను కాక ఎవరు చెబుతారు?

నన్ను కన్నది కేరళ రబ్బరు చెట్టు. పెంచింది ఒక ఫ్యాక్టరీ. పాలలాంటి నా ఒంట్లో మసి కలిపి, తీగలు చుట్టి, మూసలో పెట్టి ఉడికించి, బయటికి తీసేసరికి నా రాత నా పక్కటెముకల మీద అచ్చు పడి ఉంది. మీ తలరాత నుదుటి మీద ఉంటుందంటారు గానీ ఎవరూ చదవలేరు. నాది గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. 205/50 R15. మొదటిది నా వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత వంతు నా గోడ ఎత్తో చెబుతుంది. చివరిది నన్ను తొడిగే చక్రం కొలత, అంగుళాల్లో. ఇంతకు మించి ఇందులో వేదాంతం లేదు. ఏ కారుకి ఏ కొలత సరిపోతుందో ఆ కారు చేసినవాళ్లే తేల్చి, డ్రైవరు తలుపు తీయగానే కనిపించేలా ఒక కాగితం అంటించి పంపుతారు. అక్షరం ముక్క వచ్చినవాడెవడైనా చదువుకోవచ్చు. కానీ మనిషికి కళ్లెదుట రాసి ఉన్నది నమ్మబుద్ధి కాదు. ఎవరో వచ్చి చెవిలో చెప్పాలి.

ఫ్యాక్టరీ నుంచి రాజమండ్రి వచ్చాను. మోరంపూడి దగ్గర వాసంశెట్టి సూరిబాబు టైర్ల షాపులో పై అరలో కూర్చోబెట్టారు. నా పక్కనే 185/60 R15 అనే సన్నపాటి టైరు ఉండేది. నెమ్మదస్తుడు. వచ్చినవాళ్లంతా నన్ను చూసి మురిసిపోయి, ధర అడిగి, అతన్ని కొనుక్కుని వెళ్లేవారు. నాకు ఒళ్లు మండేది. "నీకు సరిపోయే కార్లూ ఈ ఊళ్లో ఉన్నాయి, వస్తాయి, కాస్త ఓపిక పట్టు" అనేవాడతను. ఓపిక పట్టే జాతి కాదు నాది.

ఒకరోజు పొద్దున్నే, రాహుకాలం వెళ్లిన మరుక్షణం, ఒక ఎర్రటి బుల్లి కారు వచ్చి ఆగింది. మనిషి నించుంటే ఛాతీ దాకా వచ్చేటంత పొట్టిది, రయ్యిమనే రకం. అందులోంచి దిగినవారు దేవీచౌక్‌లో ఫ్యాన్లూ లైట్లూ అమ్మే కొత్తమాసు పాండురంగారావుగారు. పక్క సీట్లోంచి దిగినావిడ ఆయన భార్య హైమావతిగారు, గవర్నమెంటు బళ్లో లెక్కల టీచరు. కారు వెనక అద్దం మీద ఎర్రటి ‘ఎల్’ బోర్డు ఉంది. అది ఆవిడ కోసం.

అప్పటికి ఆవిడకి పదోన్నతి వచ్చింది. రంపచోడవరం అవతల ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. ఆ ఊరికి ఉన్నది ఒకే బస్సు, అది ప్రార్థన అయ్యాక గానీ చేరదు. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి కారు లైసెన్సు చేతిలో ఉంటే వెళ్లి చేరడం, లేకపోతే ‘నాకు పదోన్నతి అక్కర్లేదు’ అని రాసిచ్చి పాత క్లాసులో సుద్దముక్క పట్టుకోవడం. ఇరవై ఏళ్లుగా ఆవిడ ఎదురు చూసిన కుర్చీ అది. పాండురంగారావుగారికి మాత్రం ఆ కుర్చీ కంటే కారు మీద బెంగ ఎక్కువ. "ఉన్న ఉద్యోగం బానే ఉంది కదా" అని రోజుకొకసారి అంటూనే, పరీక్షకి మాత్రం కారు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. టైర్లు అరిగి గుండులా అయ్యాయి కాబట్టి మార్చాలి. అందుకే వచ్చారు.

సూరిబాబు మామూలుగానే పక్కనున్న సన్నపాటివాడి మీద చెయ్యి వేశాడు.

"ఈ బండికి ఇదేనండి. నూటెనభై అయిదు, అరవై, పదిహేను."

పాండురంగారావుగారు కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. ఆయన జీవితమంతా తొమ్మిది మీద నిలబడి ఉంది. ఇంటి నంబరు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది, కారు నంబరు కోసం రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్నదీ తొమ్మిదే. పెళ్లినాటికి ఈ పిచ్చి పట్టలేదు కాబట్టి హైమావతిగారు బతికిపోయారు.

"ఒకటీ ఎనిమిదీ అయిదూ పద్నాలుగు. ఆరు కలిస్తే ఇరవై. పదిహేను అంటే ఇంకో ఆరు. ఇరవయ్యారు. రెండూ ఆరూ ఎనిమిది!" అని ఆయన కళ్లు తెరిచారు. "ఎనిమిదా! శని అంకె! నాలుగు చక్రాలకీ నలుగురు శనుల్ని కట్టుకుని తిరగమంటావేంటయ్యా?"

సూరిబాబు వ్యాపారం తెలిసినవాడు. బేరం గుమ్మం దాటిపోతుంటే శాస్త్రాలతో వాదించడు.

"అలాగైతే ఇంకోటి చూద్దారండి. మీకు ఎంత రావాలండి?"

ఏ కారుకి అన్నది కాదు, ఎంత రావాలి అన్నది ప్రశ్న అయింది. అరల్లో ఉన్న టైర్లన్నిటినీ కూడుకుంటూ వచ్చారు ఇద్దరూ. నాలుగు వచ్చినవాణ్ణి రాహువన్నారు, ఏడు వచ్చినవాణ్ణి కేతువన్నారు. చివరికి నా దగ్గర ఆగారు. రెండూ సున్నా అయిదూ ఏడు, అయిదు పన్నెండు, ఆరు పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది!

"ఇదీ! ఇదీ టైరంటే!" అని పాండురంగారావుగారు నా వీపు చరిచారు. అయినా గట్టి నమ్మకం కోసం తన సంఖ్యాశాస్త్ర సిద్ధాంతికి ఫోను చేశారు. ఆయన కారు ఏదని అడగలేదు, చక్రం ఏదని అడగలేదు. యజమాని పుట్టిన తేదీ అడిగి, "దివ్యంగా ఉంది, వేయించేయండి" అన్నారు.

"ఏవండీ, పాతవాటి మీద రాసిన నంబరు వేరుగా ఉంది కదా? ఇవి వెడల్పుగా కనిపిస్తున్నాయి" అన్నారు హైమావతిగారు.

"వెడల్పైతే మంచిదేనమ్మా. బండి రోడ్డుకి అతుక్కుపోద్ది" అన్నాడు సూరిబాబు.

"విన్నావా? లెక్కల టీచరువి, కూడిక నీకు నేను నేర్పాలా?" అన్నారు పాండురంగారావుగారు. కారు ఆయనది. పరీక్ష దాకా దాని అవసరం ఆవిడది.

మనసులో మాట చెబుతున్నాను, ఆ క్షణంలో నేను ఉబ్బిపోయాను. పెళ్లిచూపుల్లో పిల్ల ఎత్తూ పిల్లాడి ఎత్తూ చూడకుండా జాతకాలు కలిశాయని తాంబూలాలు పుచ్చుకున్నట్టు, నన్నూ నా ముగ్గురు తోబుట్టువుల్నీ ఆ ఎర్ర కారుకి కట్టబెట్టారు. పసుపు బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, చక్రానికో నిమ్మకాయ పెట్టి తొక్కించారు. పుల్లటి ఆ రసమే నా కాపురంలో మొదటి రుచి.

నా చోటు ముందు, ఎడమ పక్క. తిన్నగా వెళ్తున్నంతసేపూ ఏ గొడవా లేదు. స్టీరింగు పూర్తిగా తిప్పితే మాత్రం నా భుజం, చక్రాన్ని పైనుంచి కప్పే లోపలి ప్లాస్టిక్ గోడకి రాసుకునేది. గర్రుమనే శబ్దం వచ్చేది. గొయ్యిలో పడితే ఇంకాస్త గట్టిగా వచ్చేది. నేను లావు, ఇల్లు ఇరుకు. అందులో నా తప్పు లేదు, కారు తప్పూ లేదు.

"ఆ శబ్దమేంటండీ?" అని హైమావతిగారు అడిగారు.

"గ్రిప్పు! రోడ్డుని ఎలా పట్టుకుంటోందో విను" అన్నారు పాండురంగారావుగారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్న మనిషితో ఎవరు వాదిస్తారు? పాత టైర్ల కంటే నేను కాస్త పొట్టి. అదే దూరానికి నేను ఎక్కువ చుట్లు తిరగాలి. మీటరు నా చుట్లను బట్టి వేగం చూపిస్తుంది కాబట్టి, ఉన్నదానికంటే ఎక్కువే చూపించేది. ఆయన దాన్ని చూసి, "టైర్లు మార్చాక పికప్పు పెరిగింది" అని దేవీచౌక్ అంతా చెప్పుకున్నారు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కారు కడుపు నేలకి తగిలి మూలిగేది. దానికి ఆయన మున్సిపాలిటీని తిట్టేవారు.

హైమావతిగారు మాత్రం రోజూ పొద్దున్నే ఖాళీ మైదానంలో సాధన చేశారు. విశాలమైన చోటు, మలుపులు పెద్దవి, స్టీరింగు చివరికంటా తిప్పే పని పడలేదు. ఆవిడ చేతులు నాకు తెలిసేవి. ఆయన చేతుల్లో ఉన్న దుడుకు లేదు. క్లచ్చు మీద కాలు పెడితే నిద్రపోయే పాపని పక్కకి జరిపినంత మెత్తగా ఉండేది. ఆ చేతుల కింద తిరగడం నాకు ఇష్టమయింది. ఈవిడ పాసవ్వాలని నేను నిజంగా కోరుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. రవాణా ఆఫీసు మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో దారి గీసి, రెండు పక్కలా అంచు కట్టారు. దాన్ని చూడగానే పాండురంగారావుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఎనిమిదే వెయ్యాలాండీ? తొమ్మిది వేయిస్తే కుదరదా?"

ఇన్‌స్పెక్టరు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "తొమ్మిదేస్తే బయటికి రావడానికి దారుండదండి" అన్నాడు.

హైమావతిగారు బయలుదేరారు. మొదటి సున్నా చక్కగా తిరిగారు. మధ్యలో దాటి రెండోదాంట్లోకి వచ్చారు. అక్కడ మలుపు ఇరుకు. స్టీరింగు చివరికంటా తిప్పారు. నా భుజం ప్లాస్టిక్ గోడని పట్టుకుంది. గర్రుమంది, తర్వాత ఫట్టుమంది. గోడ చీలి, ఆ ముక్క నాకూ బాడీకీ మధ్య ఇరుక్కుంది. ఎవరినో గుద్దేశాననుకుని ఆవిడ బ్రేకు తొక్కారు. కారు ఎగిరి ఆగిపోయింది, వెనక చక్రం అంచెక్కింది.

"ఆగిపోతే ఫెయిలేనమ్మా. వారం తర్వాత మళ్లీ రండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"టైరు ఎక్కడో తగులుతోందండీ" అని ఆవిడ అంటే, వరసలో నిలబడ్డవాళ్లలోంచి ఒకడు, "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. టైరుకి దుఃఖం వస్తే గాలి దిగిపోవడం తప్ప చెయ్యగలిగింది లేదు, ఆ రోజు అది కూడా నా చేతిలో లేదు.

పాండురంగారావుగారు అప్పటికే ఫోనులో ఉన్నారు. "ఎనిమిది వెయ్యమన్నాడండీ, అదే దెబ్బ కొట్టింది... ఆవిడ పేరు మార్చాలంటారా? సరే సరే." ఫోను పెట్టేసి, "నీ పేరే కూడట్లేదుట" అన్నారు.

హైమావతిగారు కళ్లు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, నా ముందు గొంతుకూర్చున్నారు. చీలిన ప్లాస్టిక్ ముక్క లాగారు. నా భుజం మీద చెక్కుకుపోయిన చోట వేలు పెట్టి చూశారు. నా పక్కటెముకల మీద అంకెలు చదివారు. లేచి డ్రైవరు తలుపు తీశారు. కంపెనీవాళ్ల కాగితం మీద పాండురంగారావుగారు ఎప్పుడో వేంకటేశ్వరస్వామి స్టిక్కరు అంటించారు. ఆవిడ స్వామిని జాగ్రత్తగా ఊడదీసి, కళ్లకద్దుకుని, ముందు అద్దం దగ్గర కూర్చోబెట్టి, కింద ఉన్నది చదివారు. 185/60 R15.

"ఏవండీ, చెప్పులు కొనేటప్పుడు కాలు చూసి కొంటారా, కూడి కొంటారా?"

"చెప్పులు వేరు, టైర్లు వేరు" అన్నారాయన. కానీ గొంతు కొంచెం తగ్గింది.

మర్నాడు ఆయన షాపుకి వెళ్లాక, లైసెన్సున్న తోటి టీచరు కరుణశ్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడే కారుని మోరంపూడి తెచ్చారు. సూరిబాబు కంగారుపడ్డాడు.

"సారుకి ఓ మాట చెప్పి వేద్దామండి. మళ్లీ ఎనిమిదంటారు."

"పరీక్షకి వెళ్లేది నేను బాబూ. తలుపు మీద ఏముందో అది వెయ్యి."

నన్నూ నా తోబుట్టువుల్నీ విప్పేశారు. నెమ్మదస్తుడు, ఆ సన్నపాటి టైరు, నా చోట్లోకి వెళ్లాడు. చక్రం రెండు పక్కలా చివరికంటా తిప్పి చూశారు. చప్పుడు లేదు. నన్ను వెక్కిరిస్తాడనుకున్నాను, వెక్కిరించలేదు. దానికి నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది.

చెక్కుకుపోయిన భుజంతో నన్నెవరు కొంటారు? షాపు వెనక కుప్పలో పడ్డాను. రెండు రోజులకే రవాణా ఆఫీసు మైదానానికి అంచులు వేసే కాంట్రాక్టరు వచ్చి మమ్మల్ని ఆటోలో వేసుకెళ్లాడు. తెల్ల రంగు పూసి, సగం దాకా నేలలో పాతాడు. మనుషులు దేన్నైనా ముందు నెత్తిన పెట్టుకుంటారు, తర్వాత నేలలో పెడతారు. మధ్యలో తప్పు ఎవరిదో మాత్రం అడగరు. నన్ను పాతిన చోటు ఎనిమిదిలో రెండో సున్నా మలుపు, సరిగ్గా ఆవిడ ఆగిపోయిన చోటు.

వారం తిరిగింది. ఎర్ర కారు వచ్చింది. పాండురంగారావుగారు దిగి, కొత్త టైర్ల వైపు చూడకుండా గడియారం చూసుకుని, దణ్ణం పెట్టుకుని, దూరంగా గొడుగు కింద నిలబడ్డారు. ఆవిడ మొదటి సున్నా తిరిగారు. మధ్యలో దాటారు. నా వైపు వచ్చారు. స్టీరింగు చివరికంటా తిరిగింది. ముందు చక్రం నాకు జానెడు దూరంలోంచి, గాలి తగిలేటంత దగ్గరగా, ఒక్క చప్పుడైనా చెయ్యకుండా వెళ్లిపోయింది. వెనక చక్రమూ అంతే. ఆవిడ ఫెయిలైన రోజు నుంచి నా వెడల్పు చూసుకుని పడుతున్న బాధ అప్పుడు తీరింది.

"పాసమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పాండురంగారావుగారు గొడుగు మూసి గబగబా వచ్చారు. అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్లి తాళం కోసం చెయ్యి చాపారు. ఆవిడ దిగలేదు. ఇంజను ఆపలేదు. ఆయన చెయ్యి గాల్లో కాసేపుండి కిందికి దిగింది. అటు తిరిగి, ఎడమవైపు తలుపు తీయబోతూ ఆగారు.

"ఇవాళ నీ పరీక్ష నంబరెంత? కూడితే ఎంతొచ్చింది?"

"కూడలేదండీ" అన్నారు హైమావతిగారు. "తలుపేసుకోండి. వెళ్దాం."