నీళ్లు మానినందుకు

రొమ్ములో గడ్డ రాయిలా మారినప్పుడు కూడా నేను ఏడవలేదు. ఊపిరాడక, పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని రాత్రులు గడపాల్సి వచ్చినప్పుడు ఏడ్చాను.

యుద్ధంతో పెట్రోలు కరువై బస్సులకు దిక్కులేదు. నా మొగుడు ఈశ్వరప్ప బండి కట్టి మా ఊరు కంబైనల్లూరు నుంచి ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు నన్ను ముందుకు వంచి, వీపులో పక్కటెముకల మధ్య లావుపాటి సూది గుచ్చాడు. గడ్డ రోగం లోపలికి పాకి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని తమిళంలో చెప్పాడు. సీసా నిండా ఎర్రటి నీరు దిగింది. అబ్బ, ఛాతీ నిండా ఊపిరి! దారి పొడవునా వాగుతూనే వచ్చాను. ఎద్దులను కూడా తిట్టాను.

నీరు మళ్లీ చేరవచ్చని డాక్టరు అన్నాడట. అది విన్నాక మా అత్త మునివెంకటమ్మ ఊరుకుంటుందా?

"బానెడు బానెడు తాగతా ఉంటే లోపల చేరక ఏం చేస్తుంది? ఇంక చుక్క ఇచ్చేది లే" అని కుండను తన మంచం పక్కన పెట్టుకుంది.

మహాతల్లి, ఆమెను తిట్టుకోని పూట లేదు. కానీ లోలోపల నేనూ నమ్మాను. నమ్మక ఏం చేయను? బతకడానికి నా చేతిలో ఉన్న పని అదొక్కటే. ముద్దలో కలిపే పులుసు తడితోనే నెట్టుకొచ్చేదాన్ని, గొంతులో అడ్డుపడితే తడిగుడ్డ చప్పరించేదాన్ని. పెదాలు పగిలి రక్తం కారుతుంటే, ఇంకొంచెం ఓర్చుకోవే గోపమ్మా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తొట్టిలో మూతి పెట్టి తాగే ఆవును చూసినా కుళ్లు పుట్టేది.

నెల తిరగకుండానే మళ్లీ ఆయాసం. మళ్లీ బండి, మళ్లీ సూది. ఈసారి ఇంకా ఎక్కువ నీరు వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను చుక్క తాగలేదు గదా సామీ! ఈ నీళ్లు యాడివి?" అని డాక్టరు మీదికి అరిచాను.

ఆయన నా పెదాల వైపు చూశాడు. ఈశ్వరప్ప తల వంచుకుని ఇంట్లో జరిగినదంతా చెప్పాడు. తాగే నీటికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు. ఇది రోగం వల్ల ఊరే నీరు, ఎన్నిసార్లు తీసినా వస్తూనే ఉంటుంది, ఆమెను కావలసినంత తాగనివ్వండి అని చెప్పి వెళ్లిపోయాడు.

ఈశ్వరప్ప పరుగున పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"తాగు మే, కడుపు నిండా తాగు. ఏమీ కాదంట."

వెర్రిమనిషి, ఆయన చెవికి ఎక్కింది ఆ ఒక్క మాటే.

"దప్పి ఓర్చుకుంటే బతుకుతాననుకుంటిని గదయ్యా" అన్నాను.

అప్పుడు గాని ఆయనకు అర్థం కాలేదు, చేతిలో చెంబు పక్కకు ఒరిగింది. నీళ్లు నా ఒళ్లో ఒలికాయి. చెంబు లాక్కుని, మిగిలినవన్నీ గటగటా తాగేశాను. ఇక ఓర్చుకోవలసిన పనేమీ లేదు.