బూట్లున్నాయిగా

పదిహేడో జత బూట్లను అరలోకి తోసి, కెర్తు నడుం పట్టుకుని లేచింది. మడమలు గోడకు, ముక్కులు బయటికి. ఒకటో తరగతి టీచరుగా ముప్ఫై ఎనిమిదేళ్లుగా బడిలో ఆమె చేసే మొదటి పని ఇదే. పిల్లలు మంచు బూట్లను గుమ్మం దగ్గర వదిలి, ఉన్ని చెప్పులు తొడుక్కుని లోపలికి పరిగెడతారు. వెనకనుంచి ఆమె సర్దుకుంటూ వస్తుంది. సర్దుతూనే ఇళ్ల సంగతులన్నీ పట్టేస్తుంది. లోపల తడిగా ఉంటే రాత్రి ఆ బూట్లను ఆరబెట్టే దిక్కు లేదన్నమాట. ముడి విప్పకుండా ఊడలాగి ఉంటే పొద్దున ఇంట్లో ఏదో రభస జరిగింది.

పెద్దవాళ్ల అరలో ఆమె జత ఎప్పుడూ చివరనే ఉంటుంది. గోధుమరంగు బూట్లు. ఎడమదాని తాడు తెగితే చేతిపనుల డబ్బాలోంచి ఎర్ర ఉన్ని తీసి కట్టింది.

అరవై మూడేళ్ల పొట్టి మనిషి. మోచేతుల దగ్గర మాసికలు పడిన బూడిదరంగు స్వెట్టరు, సుద్దముక్క పట్టీ పట్టీ పగుళ్లిచ్చిన వేళ్లు. ఎడమ మోకాలు సరిగా వంగదు. నాలుగు రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. నోటుపుస్తకాలు మోసినందుకే అనుకుంది.

"కెర్తూ, సరస్సు గొడవ విన్నావా?" అన్నాడు రేయ్నో, పార గోడకు ఆనిస్తూ. బడి తుడిచేది, తాళం వేసేది అతనే. "తెల్లారగట్ల నుంచి ఒకటే మూలుగు. ఇంకో వారం దాకా దానిమీద కుక్క కూడా నడవకూడదు."

"మూలుగు కాదయ్యా, పాట. గడ్డకట్టేటప్పుడు పాడుతుంది."

"నీ దగ్గర సంగీతం లాక్కున్నారుగా, ఇక నీకన్నీ పాటల్లాగే వినిపిస్తాయిలే."

నవ్వింది గాని ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఈ శరదృతువు నుంచి ఒకటో తరగతికి కూడా సబ్జెక్టుకో టీచరు. లెక్కలకొకరు, సంగీతానికి సైమి, చేతిపనులకింకొకరు. కెర్తుకు మిగిలింది చదవటం, రాయటం. రోజుకు రెండు పీరియడ్లు.

"ఒక్కరే అన్నీ చెబితే అన్నీ సగం సగమే కెర్తు గారూ," అన్నాడు హెడ్మాస్టరు యూర్కి. ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడే. అతను అబద్ధం చెప్పటం లేదు మరి. ఆమె హార్మోనియంలో రెండు మెట్లు పలకవు, ఆమె గొంతులో మూడు. నిరుడంతా తను తంటాలుపడినా తీసివేత రాని కుర్రాడికి లెక్కల టీచరు రెండు వారాల్లో నేర్పేసింది. ఆ రోజు కెర్తు నిజంగానే సంతోషించింది. కాకపోతే గంట కొట్టి పిల్లలు వెళ్లిపోయాక, ఖాళీ గదిలో ఏం చేయాలో తోచక, పదిహేడు పెన్సిళ్లూ మళ్లీ చెక్కింది.

ఆ పదిహేడుగురిలో ఆమెకు బెంగ ఐనిక్కి గురించే. మాట బయటికి రాని పిల్ల. చోటు మారితే చాలు, చప్పుడు లేకుండా జారిపోతుంది. సెప్టెంబరులో ఒకసారి కోట్ల వెనక దొరికింది, ఒకసారి మెట్ల కింద. రెండుసార్లూ వెతికింది కెర్తే. మిగతావాళ్లు పక్క గదిలో ఉందనుకున్నారు.

ఇవాళ పాఠంలో సరస్సు అనే మాట రాయించింది. రాయిస్తూ, పొద్దుటి సంగతి నోట్లో ఆడుతుంటే, సరస్సు పాడుతుందని కూడా చెప్పింది. వెనక వరసలోంచి చెయ్యి లేచింది. ఐనిక్కిది.

"ఓపే, ఎక్కడుంటే వినిపిస్తుంది?"

బడి మొదలయ్యాక ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న. ఓపె అని టీచర్ని అందరు పిల్లలూ పిలుస్తారు గాని, ఆ నోట రావటం ఇదే మొదలు. కెర్తుకు కళ్లు చెమర్చినంత పనైంది.

"పడవల బల్ల చివర, తల్లీ. చెక్కకు చెవి ఆనిస్తే ఇంకా బాగా."

గంట కొట్టారు. పిల్లలు లెక్కల గదికి వెళ్లిపోయారు.

గురువారం కాబట్టి భోజనానికి బఠాణీ సూపు, పాన్‌కేకు. గరిట పట్టుకునే కెర్తు బల్ల వంక చూసింది. పదహారు తలలు.

"ఐనిక్కి ఏదీ?"

"లెక్కలయ్యాక సైమి భోజనానికి తీసుకెళ్లిందనుకున్నా," అంది లెక్కల టీచరు.

"నేనా? మీ దగ్గరే ఆగిందనుకున్నా," అంది సైమి. "ఏదో మూల చప్పుళ్లు వెతుక్కుంటూ ఉంటుందిలెండి. ఎవరూ వినని చప్పుడొకటి పట్టుకురమ్మని నిన్న చెప్పాగా."

కెర్తు చేతిలో గరిట ఆగిపోయింది.

"కంగారెందుకు?" అన్నాడు యూర్కి, నోట్లో పాన్‌కేకుతో. "నడవాలోకి వెళ్లి చూడండి. బూట్లుంటే పిల్ల లోపలున్నట్టేగా. మాకు నేర్పింది మీరే!"

వెళ్లి చూసింది. పదిహేడు జతలు. ఐనిక్కి బూట్లు, ఒకదానికి నక్క బొమ్మ, పొద్దున తను పెట్టినట్టే ఉన్నాయి. ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. సంగీతం గది పెరటి అవతల పాత కట్టెల కొట్టంలో పెట్టారు. ముప్ఫై అడుగులకు బూట్లెందుకని ఇప్పుడు పిల్లలంతా ఉన్ని చెప్పులతోనే పెరడు దాటుతున్నారు. బూట్లు ఇక ఏమీ చెప్పవు.

తలుపు తీసింది. కొత్త మంచు మీద చిన్న అడుగులు. కొట్టం దాకా పోయి, అక్కడ ఎడమకు, సరస్సు వైపు తిరిగాయి.

"రేయ్నో!" అని కేకేసింది. వంటింట్లో గిన్నెలు కడిగే యంత్రం హోరులో ఆ కేక కలిసిపోయింది. మోకాలు వంచి బూట్లు తొడుక్కునే వ్యవధి లేదు. ఉన్ని చెప్పులతోనే దిగింది.

సరస్సులోకి చొచ్చుకున్న పడవల బల్ల చివర ఐనిక్కి బోర్లా పడుకుని ఉంది. తల, రెండు చేతులు నీటి మీదకు వేలాడుతున్నాయి. కింద, నిన్నటి పలుచని మంచుపొర నల్లగా మెరుస్తోంది. పేరు పెట్టి అరిస్తే ఉలిక్కిపడుతుంది. కెర్తు అరవలేదు. చెక్కల మీద మెల్లగా పోయి, పిల్ల పక్కన చతికిలబడి, గౌను అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అప్పుడు గాని తన గుండె ఎంత పిచ్చిగా కొట్టుకుంటోందో తెలియలేదు.

"ఓపే, నిజంగానే పాడుతోంది," అంది ఐనిక్కి.

లోతుల్లోంచి సన్నని తీగ తెగినట్టు ఒక మోత వచ్చి, అవతలి గట్టు దాకా పాకింది. కెర్తు వింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతోంది గాని, ఇలా కూర్చుని వినటం ఇదే మొదలు. భుజం నొప్పి దవడలోకి వచ్చింది.

స్వెట్టరు విప్పి పిల్లకు చుట్టింది. దాని చేతులు పిల్ల మోకాళ్ల కిందకు దిగాయి.

"వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెళ్లు. సంగీతానికి వేళైంది. ఈ చప్పుడు సైమికి చెప్పు."

"నువ్వు రావా?"

"కాస్త కూర్చుని వస్తా. నువ్వు నడువు, నేను చూస్తుంటా."

పిల్ల కొట్టం తలుపు తీసి లోపలికి వెళ్లేదాకా చూసింది. తలుపు మూసుకుంది. కెర్తు వీపును పడవ గుంజకు ఆనించింది.

"వచ్చావా! ఓపె దొరకబుచ్చుకుందా?" అంది కొట్టంలో సైమి, స్వెట్టరు చూసి నవ్వుతూ. "ఆవిడేదీ మరి?"

"కూర్చుంది," అంది ఐనిక్కి.

"సరే. ఏదీ, నీ చప్పుడు వినిపించు."

తర్వాత కెర్తుకు పాఠం లేదు. ఆమె కోసం ఎదురుచూసే తరగతీ లేదు. యూర్కి నడవాలో పోతూ ఆమె గదిలో దీపం చూశాడు, బూట్లు చూశాడు, తన దారిన పోయాడు. రెండింటికి పిల్లల బస్సు కదిలింది. మళ్లీ మంచు మొదలై పెరట్లో అడుగులన్నీ పూడిపోయాయి. మూడు దాటేసరికి చీకటి.

తాళాల గుత్తితో రేయ్నో వచ్చాడు. పిల్లల అరలన్నీ ఖాళీ.

"కెర్తూ, ఇల్లూ వాకిలీ లేదా నీకు?" అని నడవాలోకి కేకేశాడు. బదులు రాలేదు. పెన్సిళ్లు చెక్కుకుంటోందిలే అనుకుని, తాళం వేయకుండా తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయాడు.

పెద్దవాళ్ల అర చివర, మడమలు గోడకు, ముక్కులు బయటికి, ఒకే ఒక్క జత. పొద్దుటి మంచు కరిగి ఆరిన తెల్లటి చార, ఎడమదానికి ఎర్ర ఉన్ని ముడి.