నాలుగు పాటలకు ఒక్క స్టారు

ఆ ఇంటి చిన్నకోడలు కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని నాలుగు పాటలు రాసి, తానే బాణీ కట్టి, గిటారు వాయించుకుంటూ పాడింది. ఏ కంపెనీ అండా లేదు. బీరువా గదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, స్నేహితురాలి మైకు అరువు తెచ్చుకుని రికార్డు చేసింది. జానపదం నడకలో ఇవాళ్టి మాటలు పెట్టిన పాటలవి. నాలుగూ కలిపినా పది నిమిషాలు దాటవు. ఒక ఆదివారం ఉదయం వాటిని నెట్‌లో పెట్టి, ఇంట్లో అందరి ఫోన్లకూ లింకు పంపింది.

మొదటి అభిప్రాయం అత్తగారిది. తాను కళ్ళజోడు తుడుచుకునేలోపే ఆల్బం అయిపోయిందనీ, ఇంత చిన్న పాటలకు అంత పెద్ద గిటారెందుకనీ ఆవిడ అడిగింది. టైల్స్ షోరూములో సేల్స్ మేనేజరైన బావగారు వినకముందే 'అద్భుతం' అని రాసేశాడు. వింటే అభిప్రాయం మార్చుకోవాల్సి వస్తుందని కాబోలు, రెండు రోజులు వాటి జోలికి పోలేదు. ముక్కూ మొహం తెలియని శ్రోతల్లో ఒకరు హాయిగా నిద్ర పట్టిందన్నారు. మరొకరు గిటారు ఎక్కడ కొన్నారని అడిగారు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. రెండో పాటలో తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయే మనిషి ఒకరున్నారు. అది తమ వంటింటి తలుపేనని అత్తగారు తేల్చేసింది. మూడో పాటలో ఒకావిడ ఆరిన బట్టలు మడతపెడుతూ గోడతో మాట్లాడుతుంది. అది తానేనని తోడికోడలు మొహం ముడుచుకుని, ఆ వారమంతా బట్టలు మడతపెట్టకుండా కుర్చీ మీద గుట్టపోసింది. తన జోకుకు అందరికంటే ముందు తానే నవ్వే పెద్దమనిషి నాలుగో పాటలో ఉన్నాడు. బావగారు అది తన మీదే రాసిన పాటని షోరూముకు వచ్చినవాళ్ళకు వినిపించి, ముందుగా తానే నవ్వేవాడు. తలుపు మనిషి తమ దుకాణానికి వచ్చే ఖాతాదారనీ, గోడతో మాట్లాడేది చిన్నప్పటి పక్కింటావిడనీ చిన్నకోడలు మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు. గుమ్మడికాయల దొంగంటే ఇల్లంతా భుజాలు తడుముకుంది.

తడుముకోవడానికి భుజం దొరకనిది ఆమె భర్త ఒక్కడికే. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పనికి వెళ్తూ, వస్తూ బస్సులో ఆ పాటలు మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఎక్కడా తన ఊసు లేదు. మొదటి పాటలో వీధి కుక్క ఒకటుంది. పోనీ అది తానేమోనని కూడా ఆలోచించాడు. కానీ దాని తోక మీద తెల్లమచ్చ ఉంది. చివరికి ఉండబట్టలేక భార్యనే అడిగాడు.

"మీ మీద రాయడానికి ఏముందండీ? మీతో నాకు గొడవే లేదుగా," అందామె.

ఆమె మెచ్చుకోలుగానే అంది. అతనికి మాత్రం అది ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక అపార్ట్‌మెంటు లిఫ్టు గదిలో కూర్చుని, 'నిజాయితీ శ్రోత' అనే పేరుతో ఒక్క స్టారిచ్చి ఇలా రాశాడు: "మూడో పాట రెండో చరణంలో గిటారు శ్రుతి దిగింది. ఈ పాటల్లో కుక్కకు ఇచ్చిన చోటు కట్టుకున్నవాడికి ఇవ్వలేదు. పైకి తీసుకెళ్తున్నట్టే తీసుకెళ్ళి మధ్య అంతస్తులో ఆపేసే పాటలివి."

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు బావగారు దాన్ని పైకి చదివాడు. అంతే, అప్పటిదాకా అలిగి ఉన్న ఇల్లు ఒక్కటైపోయింది. మా ఇంటి పిల్లను అనడానికి వీడెవడని తోడికోడలు ముద్ద పక్కన పెట్టింది.

"వీణ్ణి కన్న తల్లెవరో గానీ, పిల్లల్ని పెంచడం బొత్తిగా చేతకానిది," అంది అత్తగారు.

నీ పెళ్ళాన్ని అంటుంటే నోరు విప్పవేమని అందరూ చిన్నకొడుకు మీద పడ్డారు. అతను కంచంలోకి చూస్తూ, దుర్మార్గుడన్నాడు. అది చాలదని అన్న అనేసరికి, పరమ దుర్మార్గుడని సవరించాడు. చిన్నకోడలు ఫోను తీసుకుని మధ్య అంతస్తు దాకా చదివి, ఒకసారి మొగుడి వైపు చూసి, మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

ఆ రాత కింద ఇంటివాళ్ళు తిట్లు రాశారు. బావగారు షోరూము సిబ్బంది చేత కూడా రాయించాడు. తగువు చూడ్డానికి వచ్చిన జనం, తగువు దేనికో తెలుసుకోవాలి కాబట్టి పాటలూ విన్నారు. పదుల్లో ఉన్న శ్రోతలు వేలల్లోకి వెళ్ళారు. ఇదంతా చూసి భయమూ సిగ్గూ కమ్ముకొచ్చి, నిజాయితీ శ్రోత తన రాతను చెరిపేశాడు. దాంతోపాటే జనమూ జారుకున్నారు.

బంగారంలాంటి తిట్టు పోయిందని బావగారు కుమిలిపోయాడు. ఇంకో తిట్టు కావాలని, ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టాడు. తాను రాస్తే పొగడ్తలా ఉంటుందట. అత్తగారికి తిట్లు వచ్చుగానీ టైపింగ్ రాదు. తోడికోడలు ఒకసారి మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదని తానే ఒప్పుకుంది. చివరికి అందరి చూపూ చిన్నకొడుకు మీద ఆగింది. నీకు అంత తెలివి లేదుగానీ ప్రయత్నించి చూడమని అన్న భుజం తట్టాడు.

అతను ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"మొన్న ఆయన రాసిందే మళ్ళీ రాయండి," అంది.

"ఎవరాయన?"

"శ్రుతి దిగిందని కనిపెట్టినాయన. ఈ ఇంట్లో నాలుగు పాటలూ చివరిదాకా విన్నది ఆయనొక్కడే."

అతను వీధిలోకి చూస్తూ, ఆ కుక్క మాట తీసేయనా అని మెల్లగా అడిగాడు.

"ఉంచండి. ఆయన బాధ నిజమేగా. నాలుగో పాటలో ఊపిరందక ఒక మాట మింగేశాను, అదీ కలపండి."

అతను కలిపాడు. ఆమె పక్కనుంచి అక్షరదోషాలు దిద్దింది. ఒక్క స్టారు నొక్కబోయి ఆగి, పోనీ రెండివ్వనా అన్నాడు.

"రెండిస్తే ఎవరూ పోట్లాటకు రారండీ," అందామె.

అతను ఒక్కటే నొక్కాడు. రాయడం అయిందా, అవతల తిట్టడానికి మేమంతా కాచుక్కూర్చున్నామని అత్తగారు హాల్లోంచి కేకేసింది.