ఏడిపించమని ఒక ప్రార్థన

"పదహారు మంది పిల్లలున్నారండీ ఇక్కడ. అయినా ఉన్నట్టే తెలీదు."

పెరట్లో తీగ మీద తడి దుప్పటి ఆరేస్తున్న పాస్టరమ్మ చేతులు ఆగిపోయాయి. కిటికీకి లోపలివైపు ఆమె భర్త ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది తమని ఇన్ని సముద్రాలు దాటించి ఈ అనాథ పిల్లల ఇంటికి పంపిన సంఘం పెద్ద. ఒక్కరూ గొడవ చెయ్యరని, ఒక్కరూ ఏడవరని, ఇంత శాంతి మన సంఘంలో కూడా చూడలేదని, అంతా ప్రభువు కృప అని పాస్టరుగారు మురిసిపోతున్నాడు.

ఉన్నట్టే తెలీదు. ఈ మాట ఆమె ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, పాతికేళ్ళుగా వింటూనే ఉంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టంతోనూ అత్తగారు అనేది, "మా కోడలు ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదమ్మా, అంత నెమ్మది" అని. చుట్టాలు ఆహా అనేవాళ్ళు. ఆ ఆహాల కోసం ఆమె గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం నేర్చుకుంది. తలుపు చప్పుడు కాకుండా వెయ్యడం నేర్చుకుంది. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకోవడం కూడా నేర్చుకుంది. ఒకసారి జ్వరంతో వంటింటి వెనక చాప మీద పడి ఉంటే మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. తెలిసింది కూడా ఆమెకి ఒళ్ళు కాలుతోందని కాదు, పొయ్యి వెలగలేదని.

ఆ ఇంట్లో చప్పుడంటూ చేసింది ఆమె కూతురొక్కతే. పుట్టిన రోజు నుంచీ దాని ఏడుపు మూడిళ్ళ అవతలికి వినిపించేది. ఆకలేస్తే ఏడుపు, నిద్రొస్తే ఏడుపు, ఏమీ తోచకపోతే ఇంకాస్త ఏడుపు. ఇప్పుడది ఉద్యోగం చేసుకుంటూ భర్త మీద కూడా అదే గొంతు వాడుతోంది. పిల్లలంటే అలా ఉంటారని పాస్టరమ్మకి తెలుసు. మరి ఈ పదహారు మందికి ఏమైంది?

ఇక్కడ పని ఎలా జరుగుతుందంటే, పొద్దున ప్రార్థన, సాయంత్రం వాక్యం పాస్టరుగారివి. మధ్యలో ఉన్నదంతా ఆమెది. తడిసిన పక్కలు తియ్యడం, తలల్లో పేలు చూడటం, గోళ్ళు తియ్యడం, బొత్తాలు కుట్టడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం. పంపేటప్పుడు సంఘంలో ప్రకటించారు, పాస్టరుగారు కుటుంబ సమేతంగా వెళుతున్నారని. ఆ కుటుంబం తనే. ఇప్పుడు సంఘానికి ఆయన పంపే కబుర్లలో "నేను పిల్లలకు స్నానాలు చేయించాను" అని ఉంటుంది. స్నానాలగదిలో ఆయన కాలు పెట్టింది ఒకే ఒక్కసారి, అదీ జారిపడ్డానికి.

పని తనకి కష్టం కాదు. దేవుడికి ఇద్దామని వచ్చింది, ఇస్తోంది. ఆమె మనసులో ముల్లులా గుచ్చుకున్నది వేరే ఉంది.

ఆ ముల్లు గుచ్చింది బొంగరం అనే పిల్ల. నాలుగేళ్ళుంటాయేమో. ఆ పేరు వెటకారానికి పెట్టింది, ఇదివరకు తెలుగువాళ్ళ దగ్గర పనిచేసి తెలుగు నేర్చుకున్న ఈ ఊరి వంటామె. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండిపోయే పిల్ల మరి. ఒక రోజు ఆ పిల్ల మెట్టు తగిలి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. పాస్టరమ్మ పరిగెత్తబోయి ఆగింది. పిల్ల ఏడవలేదు. లేచి కూర్చుని, కాస్త మట్టి తీసి దెబ్బ మీద అద్దుకుని, చుట్టూ చూసింది. ఎవరైనా చూశారేమోనన్న చూపు అది. ఎవరూ చూడలేదనుకుని గౌను కిందికి లాక్కుంది.

ఆ చూపు పాస్టరమ్మకి తెలుసు. వంటింటి వెనక చాప మీద తను చూసిన చూపే.

ఇది శాంతి కాదు. పసిగుడ్డులుగా ఉన్నప్పుడు వీళ్ళు ఏడ్చారు. ఎవరూ రాలేదు. మళ్ళీ ఏడ్చారు. మళ్ళీ ఎవరూ రాలేదు. చివరికి ఏడుపు దండగని వాళ్ళకే అర్థమైపోయింది. అంతే. దీన్ని పట్టుకుని కృప అంటున్నాడీయన.

ఫోన్ మాటలు విన్న ఆ రాత్రి మొగుడూపెళ్ళాల ప్రార్థనలో చివరి రెండు మాటలు చెప్పే వంతు ఆమెది. ఎప్పుడూ "అందరినీ చల్లగా చూడు తండ్రీ" అనేది. ఆ రోజు, "ప్రభువా, ఈ పిల్లల్ని ఏడిపించు" అంది.

పాస్టరుగారు ఒక కన్ను తెరిచాడు. "నిద్రమత్తా?"

"కాదండీ. మెలకువగానే అడిగాను."

ఆయన నవ్వాడు. పిల్లల్ని ఏడిపించమని దేవుణ్ణి వేడుకున్న మొదటి మనిషివి నువ్వేనని, ఈ మాట బయట అనొద్దని చెప్పి దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వంటామె దగ్గరికెళ్ళి, "వద్దు అనడానికి మీ భాషలో ఏమంటారు?" అని అడిగింది. ఆరు నెలలుగా ఈ దేశపు మాటలు తినండి, రండి, పడుకోండి అని ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది గానీ ఈ ఒక్కదానితో ఇంతవరకూ అవసరం పడలేదు. వంటామె చెప్పింది. పెదాలు దగ్గరికి తెచ్చి ఫట్టున విడిచే చిన్న మాట. "ఇది నీకెందుకక్కా? ఇక్కడెవరూ అనరు దాన్ని" అంది.

పాస్టరమ్మ పిల్లల్ని పెరట్లో వరసగా కూర్చోబెట్టింది. పళ్ళెంలో సబ్బుబిళ్ళ పెట్టి తెచ్చింది. ఆట ఆడిద్దామని ఆమె ఉద్దేశం. సబ్బు ముక్క తుంచి, నవ్వుతూ, బొంగరం ముందు పెట్టి "తిను" అంది.

బొంగరం నోరు తెరిచింది.

ఆ పిల్ల కళ్ళలో సందేహం లేదు. విసుగు లేదు. పెద్దవాళ్ళు పెట్టారు కాబట్టి తినాలి. అంతే. ఎవరు ఏది పెట్టినా తెరుచుకునే నోరు. ఈ పిల్ల రేపు పెద్దదవుతుంది. ఎవడో ఒకడు ఏదో ఒకటి పట్టుకొచ్చి తిను అంటాడు.

సబ్బు గబుక్కున వెనక్కి తీసుకుంది. తన నోటి దాకా తెచ్చుకుంది. ఉమ్మేసినట్టు మొహం పెట్టి, ఆ కొత్త మాటని పెరడు మారుమోగేలా అరిచి, సబ్బుని విసిరికొట్టింది. తలుపు దగ్గర నిలబడిన వంటామె నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. పిల్లలు మాత్రం రాళ్ళలా చూశారు.

రోజూ ఆడింది. పళ్ళెంలో చెప్పు తెచ్చింది. దిండుకి బదులు బకెట్టు ఇచ్చింది. చేతులకి మేజోళ్ళు తొడగబోయింది. తొడగబోయినప్పుడల్లా ఆగి, ఎదురు చూసింది. కొన్నాళ్ళకి ముందుపళ్ళు ఊడినవాడొకడు, తొర్రోడు, మేజోడు వంక చూసి పెదాల మధ్య ఏదో గొణిగాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పింది. ఆ మాటకి అంత బహుమానం ఉందని తెలిశాక మిగతావాళ్ళు ఊరుకుంటారా?

ఇంకొన్నాళ్ళకి ఆ మాట ఆట దాటి బయటికొచ్చింది. చల్లారిన గంజి వద్దు. చలినీళ్ళ స్నానం వద్దు. తొర్రోడి పక్కన పడుకోను, వాడు తంతాడు. "నా కొంప ముంచావక్కా, గరిటెకి కూడా వంకలు పెడుతున్నారు" అని వంటామె నెత్తీ నోరూ కొట్టుకుంది. అలా కొట్టుకుంటూనే గంజి వేడి చేసి తెచ్చింది.

బొంగరం మాత్రం ఏమీ అనలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు సందులో ఆ పిల్ల వేలు నలిగింది. వేలు బయటికి లాక్కుని, ఎప్పటిలాగే చుట్టూ చూసింది. వరండాలో బొత్తాలు కుడుతున్న పాస్టరమ్మ కనిపించింది. పాస్టరమ్మ కదల్లేదు. సూది పక్కన పెట్టి రెండు చేతులూ చాచింది. బొంగరం వేలు చూసుకుంది, ఆ చేతుల వంక చూసింది. కింది పెదవి వణికింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి గోడ మీది పావురాళ్ళు లేచిపోయాయి.

పాస్టరుగారు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏమీ కాలేదండీ. ఏడుస్తోంది" అంది పాస్టరమ్మ, ఒళ్ళో పిల్లని ఊపుతూ, తనూ ఏడుస్తూ, నవ్వుతూ.

ఆయనకి నవ్వు రాలేదు. సంఘం పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. శాంతి ఉందని తను చెప్పిన ఇల్లు ఇప్పుడు సంతలా ఉంది. ఆమె బావి దగ్గర దుప్పట్లు పిండుతుంటే వచ్చి నిలబడ్డాడు. ఆ పిచ్చి ఆట ఈ రోజుతో ఆపమన్నాడు. వాళ్ళొచ్చేనాటికి పాత పిల్లలు తనకి కావాలన్నాడు. ఆఖరున గొంతు తగ్గించి, ప్రేమగానే, "నువ్వు ఇంటికెళ్ళిపోవడమే మంచిదేమో. అమ్మకి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోతోంది. నువ్వెటూ ఇక్కడ ఊరికే ఉన్నావుగా" అన్నాడు.

దుప్పటి నుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. ఎప్పటిలా తలూపబోయి, ఊపకుండా ఊరుకుంది.

ఊరికే ఉన్నావన్న మాట కన్నా ఆమెని కోసింది ఇంకొకటి. తను వెళ్ళిపోయాక కూడా బొంగరం ఏడుస్తుంది, ఎవరో వస్తారని. రెండు రోజులు ఏడుస్తుంది, నాలుగు రోజులు ఏడుస్తుంది. వంటామె పొయ్యి దగ్గర ఉంటుంది. ఈయన ఫోన్లో ఉంటాడు. ఎవరూ రారు. అప్పుడు ఆ పిల్ల రెండోసారి నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత ఎవరొచ్చి సబ్బు ఆట ఆడినా ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు. ఏడుపు నేర్పి వదిలి వెళ్ళడం అసలు నేర్పకపోవడం కన్నా పాపం.

పెద్దలొచ్చారు. పెద్దాయన, ఆయన భార్య, ఇంకో ఇద్దరు. పాస్టరుగారు పిల్లలకి ఉతికిన బట్టలేయించి వరండాలో వరసగా నిలబెట్టాడు. బట్టలు ఉతికింది ఎవరో అడగక్కర్లేదు. పాట అయ్యేదాకా బాగానే నడిచింది. పెద్దాయన భార్యకి ఫోటోలంటే సరదా. వరసలో అందరికన్నా చిన్నగా కనిపించిన బొంగరాన్ని చటుక్కున చంకనేసుకుని, బుగ్గకి బుగ్గ ఆనించి, ఫోన్ పైకెత్తింది.

బొంగరం పెదాలు దగ్గరికి తెచ్చి ఫట్టున ఆ మాట అంది.

"ఏమంటోంది పాప?" అందావిడ ముచ్చటగా.

పాస్టరుగారి మొహం పాలిపోయింది. "మీకు వందనాలు చెబుతోందండీ" అన్నాడు.

బొంగరం మళ్ళీ అంది, ఈసారి ఆవిడ గడ్డం పట్టుకుని తోస్తూ.

"ఈ దేశంలో వందనాలు ఇలాగా చెబుతారు?" అంది ఆవిడ. వంటామె వంటింట్లోకి పారిపోయింది, నవ్వు దాచుకోవడానికి. ఈలోగా బొంగరం గుండెల నిండా గాలి పీల్చుకుంది. తర్వాత ఏమవుతుందో ఆ వరండాలో తెలిసింది పాస్టరమ్మకే. ఏడుపు అందుకుంది. దాన్ని చూసి తొర్రోడు. వాణ్ణి చూసి ఇంకొకరు. పాస్టరుగారు పళ్ళ బిగువున, "నోళ్ళు మూయించు" అన్నాడు భార్యతో. ఆమె వెళ్ళి ఆవిడ చంకలోంచి బొంగరాన్ని తీసుకుని, నేల మీద చతికిలబడి, ఒడి చాపింది. ఎవరి నోరూ మూయలేదు.

తర్వాత ముందుగదిలో పెద్దలు కూర్చున్నారు. పాస్టరమ్మ టీ కప్పుల ట్రే పట్టుకుని వచ్చేసరికి తన గురించే మాట్లాడుతున్నాడు భర్త. మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషండీ, మెతకది, గారాబం చేసి పిల్లల్ని పాడుచేసింది, ఇంటికి పంపించేస్తున్నాను, అమ్మకి తోడుగా ఉంటుంది, ఇక్కడ మళ్ళీ అంతా నేను దారిలో పెడతాను అని.

పెద్దాయన మర్యాదస్తుడు. ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, వెళతావుగా మరి?"

అది ప్రశ్న కాదు. పళ్ళెంలో పెట్టి ముందుకు జరిపినది. దానికి ఆమె పాతికేళ్ళుగా చెప్పే జవాబు సరేనండి. ఆ సరేనండి గొంతు దాకా వచ్చింది కూడా. దాని రుచి ఆమెకి ఇప్పుడు తెలిసింది. అచ్చం సబ్బే.

"వద్దండీ" అంది.

పాస్టరుగారు తప్పు విన్నానేమోనన్నట్టు చూశాడు.

"నేను వెళ్ళనండీ. ఇంకా ముగ్గురు ఏడవాలి."

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఏడవడమేంటమ్మా?"

చెప్పింది. మోకాలి మీద మట్టి అద్దుకున్న సంగతి చెప్పింది. సబ్బుకి నోరు తెరిచిన సంగతి చెప్పింది. మాటలు తడబడ్డాయి, అయినా ఆపలేదు. ఇన్నాళ్ళూ ఇక్కడున్నది శాంతి కాదని, ఎవరూ రారని తెలిసిపోవడమేనని చెప్పింది. "పదమూడు మంది ఏడ్చారండీ. పెద్ద పిల్లలిద్దరూ, ఆ మూల మంచం మీది బాబూ మిగిలారు. వాళ్ళు ఏడ్చాక కూడా ఉంటాను. ఏడ్చినప్పుడు వెళ్ళడానికి మనిషి ఉండాలి కదా. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, నిజమే. ఆవిడకి కొడుకున్నాడు."

పెద్దాయన భార్య చేతిలోని ఫోన్ సంచిలో పెట్టేసింది. పెద్దాయన పాస్టరుగారితో కాకుండా, నేరుగా ఆమెతో, "ఆ ముగ్గురూ ఎవరో నాకు చూపిస్తావా అమ్మా?" అని లేచాడు.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఏడుపు వినిపించింది. ఇందాకటి గొంతు కాదు. వాడుక లేక బొంగురుపోయి, మధ్యలో తెగి, మళ్ళీ మొదలైన గొంతు. ఆమె ఇంతవరకూ ఎప్పుడూ విననిది.

పాస్టరమ్మ చేతిలోని ట్రే భర్త చేతుల్లో పెట్టింది. టీ ఒలికిపోతుందని ఆయన పట్టుకున్నాడు.

"ఇద్దరండీ ఇంక" అని, తలుపు దడాలున తోసుకుని బయటికి పరిగెత్తింది.