పగటి నిద్రకు ఒక రంగు

బల్కంపేట సందులోని ఆ రెండు గదుల ఇంటికి ఏటా బోనాల ముందు పసుపు రంగే పడేది. స్వరాజ్యం పెట్టిన ఆనవాయితీ అది. ఎల్లమ్మ తల్లికి పసుపంటే ఇష్టం, ఇక దానికి తిరుగులేదు. అలాంటి ఇంట్లో కోడలు చంద్రిక ఈసారి నోరు విప్పింది. ముందు గదికి పసుపొద్దు, లేత లావెండర్ వేద్దామంది.

సోకు కోసం అన్న మాట కాదది. ఆమె భర్త మహిపాల్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్వాలిస్ బండి నడుపుతాడు. రాత్రంతా ఉద్యోగులను ఎక్కించుకుంటూ దించుతూ, తెల్లారాక ఇల్లు చేరి ముందు గదిలో పడుకుంటాడు. మధ్యాహ్నమయ్యేసరికి పడమటి కిటికీలోంచి ఎండ పడి ఆ పసుపు గోడలు పొయ్యిలా మండేవి. మొహం మీద తువ్వాలు కప్పుకుని అటూ ఇటూ దొర్లేవాడు. ఒకరోజు పంజగుట్ట సిగ్నల్ దగ్గర స్టీరింగు మీదే కునుకు పట్టిందని నవ్వుతూ చెప్పాడు. అతను నవ్వాడు గానీ చంద్రికకు ఆ పూట ముద్ద దిగలేదు. అప్పట్నుంచి బండి స్టార్టయిన చప్పుడు వింటే చాలు, వాకిట్లోకి వచ్చి అది సందు మలుపు తిరిగేదాకా చూసేది.

ఆ మధ్యే పాప భానుశ్రీకి టీకా వేయించడానికి పంజగుట్టలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లింది. లోపలి గది గోడలు, ఉతికి ఉతికి వెలిసిన ఊదారంగు చీరను నీడలో ఆరేసినట్టున్నాయి. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల సద్దుమణిగింది. పిల్లనెత్తుకున్న చంద్రికకూ రెప్పలు బరువెక్కాయి. ఫ్యాను చూస్తే అంతంతమాత్రం. మరి ఇంత చల్లదనం ఎక్కడిదని తలెత్తితే గోడే కనిపించింది.

"అది దవాఖాన రంగు. పసుపు లేని ఇల్లు సుత ఇల్లేనా?" అంది స్వరాజ్యం. మహిపాల్ మీరూ మీరూ తేల్చుకోండని తువ్వాలు కప్పుకున్నాడు. చివరికి, గడపలకు పసుపు తప్పదనీ, ఆ గదిలో కొడుకుకు నిద్ర పట్టకపోతే మళ్లీ పసుపే కొట్టిస్తాననీ షరతు పెట్టి అత్త ఒప్పుకుంది.

అమీర్‌పేట రంగుల దుకాణంలో ట్యూబ్‌లైటు కింద షేడ్ కార్డు మీది లావెండర్లన్నీ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. కింద ఇంగ్లీషు పేర్లు. చంద్రిక చదువు ఎనిమిదితో ఆగిపోయింది. కానీ మ్యాచింగ్ సెంటర్లలో జాకెట్టు గుడ్డ ఎలా ఎంచాలో ఆమెకు కొత్త కాదు. కార్డు పట్టుకుని తిన్నగా రోడ్డు మీదికి నడిచింది. దుకాణమాయన వెనకాలే వచ్చాడు.

"ఏందమ్మా, జాకెట్ గుడ్డ లెక్క బయటికి పట్కపోతున్నవు?"

"మా గోడ సుత ఎండలనే ఉంటది గద అన్నా."

ఎండలో రంగుల గుట్టు బయటపడింది. ఒకటి గులాబీకి తిరిగింది, ఒకటి బూడిదలో కలిసింది. ఒక్కటి మాత్రం నీలం వైపు మొగ్గి చల్లగా నిలబడింది. వదిలితే ఎక్కడ తప్పిపోతుందోనన్నట్టు దాని మీద వేలు నొక్కిపెట్టి లోపలికి తెచ్చింది.

ఇంతా చేసి, పెయింటర్ ఓదెలు మొదటి కోటు వేస్తే గోడ సగం తుడిచిన పలకలా మురికిగా తేలింది. కింద ఏళ్ల తరబడి పేరుకున్న పసుపు సంగతి ఎవరికీ తట్టలేదు. "సూసినవా, తల్లి పసుపు పోనంటున్నది" అంది స్వరాజ్యం. చంద్రిక ఓదెలు వైపు చూసింది. ఓదెలు నింపాదిగా గోడంతా తెల్లరంగు పూసి, ఆరాక మళ్లీ లావెండర్ ఎక్కించాడు. అప్పుడొచ్చింది ఆమె వేలు పెట్టిన రంగు.

మహిపాల్ డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. చంద్రిక పాపను ఒళ్లో వేసుకుని గడపలో కాపు కాసింది. పడమటి ఎండ ఎప్పటిలాగే వచ్చి గోడ మీద పడింది. గోడ మండలేదు. తువ్వాలు మొహం మీంచి జారిపోయినా అతను కదల్లేదు. కూరలబ్బాయి కేక వినబడగానే స్వరాజ్యమే పరుగున వెళ్లి వాడి నోరు మూయించింది. పసుపు మాట మళ్లీ ఎత్తలేదు.

బోనాల ఆదివారం స్వరాజ్యం ఆ గోడకు పసుపు బొట్లు పెట్టి, నడుమ కుంకుమ అద్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. లేత లావెండర్ మీద పసుపు బంగారంలా నిలిచింది.

"ఇన్నేండ్ల సంది పసుపు గోడకు పసుపు పెట్టిన. ఎవ్వలకన్న కండ్లవడ్డదా?" అంది తనలో తనే. ఇక ఆగలేదు. వాకిట్లో బోనాలు సర్దుకుంటున్న ఆడవాళ్లందరినీ లోపలికి పిలిచింది. "మా కోడలు నడి రోడ్డు మీద ఎండల నిలవడి ఏరుకొచ్చిన రంగు" అని గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఎన్నడూ అత్త మాటను మధ్యలో తుంచని చంద్రిక, నవ్వు ఆపుకుంటూ పెదవుల మీద వేలు పెట్టింది.

"జర మెల్లగ చెప్పుండ్రి అత్తమ్మా. మీ కొడుకు పండుకున్నడు."